ఆఖరి భాగం చదివేదెవరు

హలో… ఆ, నేనే, అత్తని. నేను కాక ఈ ఇంట్లో ఫోనెత్తేవాళ్ళు ఇంకెవరున్నారే, సేలూ?

…లేదు, పడుకోలేదు. మీ నాన్నకి చేమదుంప ఉడకబెట్టి, కొబ్బరిపాలు పోసి తినిపించి, ఇప్పుడే వంటపాకలోకి వచ్చా. ఒళ్ళంతా పులిసిపోయింది తల్లీ.

…తిన్నాడులే. సగం తిన్నాడు.

…రేపు పొద్దున్నే ఆసుపత్రికి పడవ. నర్సమ్మ కూడా వస్తానంది. పాడైన కాలు మోకాలి కిందనుంచి తీసేస్తారట… ఏడవకు. స్ట్రాబెర్రీ తోటలో నిలబడి ఏడిస్తే మీ మేస్త్రీ ఏమనుకుంటాడు?

…అదే చెప్తున్నా, విను. వెళ్ళనంటున్నాడు. ఆ పరాయి భాష సీరియల్ ఆఖరి భాగం ఇవాళ నాలుగింటికి. మరిసెల్ ఎవర్ని పెళ్ళి చేసుకుంటుందో తెలిస్తే గానీ పడవెక్కడట. కళ్ళు పోయినా పంతం పోలేదు.

…నవ్వకు. అంతా నీ వల్లే. టీవీలో కింద పడే మన టోంగా మాటలు రోజూ చదివి వినిపించి, అలవాటు చేసి, నువ్వేమో ఆస్ట్రేలియా పోయి కూర్చున్నావు.

…నేనే. ఇంకెవరు? మూడు వారాల్నుంచి నేనే చదువుతున్నా. పాస్టరుగారి భార్య దగ్గర అరవై రెండో ఏట అక్షరాలు దిద్దుకున్నది ఇందుకా అనిపిస్తోంది.

…గదిలోనా? ఛీ! అన్నతో కలిసి ఒకే గదిలో ఆ సీరియల్ ముందు ఎలా కూర్చుంటాను? గుమ్మం బయట, చాప మీద. టీవీ ఇటు తిప్పుకున్నా. ఆయనకి బొమ్మ ఎలాగూ అక్కర్లేదు కదా.

…మారితే మీకు మారింది కాలం. మా చిన్నప్పుడు చర్చి హాల్లో తెర కట్టి సినిమా వేస్తే, నేను లోపలున్నానని తెలిసి మీ నాన్న గుమ్మంలోంచే వెనక్కి పోయేవాడు. చెల్లెలున్న చోట అన్న ముద్దుల సినిమా చూస్తాడా? ఇన్నేళ్ళలో ఇద్దరం కలిసి ఒక్క బొమ్మ చూడలేదు.

…ఆ. అక్కడే వచ్చింది తంటా. ప్రేమ మాటలొచ్చినప్పుడు…

…చెప్తే నవ్వుతావు.

…పెండలం నాటించా.

…అవునే! సీరియల్లో ఆ డాక్టరు మరిసెల్ చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. కింద అక్షరాలు చూస్తే ‘ప్రేమ’ అని ఉంది. మా అన్నయ్యకి నా నోటితో ఆ మాటలా? ‘ఈ ఏడు పెండలం ఎప్పుడు నాటుదాం’ అని అడుగుతున్నాడని చెప్పేశా. మర్నాడు మళ్ళీ చెయ్యి పట్టుకున్నాడు. మళ్ళీ నాటారు. మూడు వారాల్లో ఇద్దరూ కలిసి దీవి దీవంతా నాటేశారు.

…నవ్వు, నవ్వు. ఇప్పుడేమైందో తెలుసా? డాక్టరు వ్యవసాయం పిచ్చోడనీ, ఆ పిల్ల మనసు మిల్లు యజమాని కొడుకు మీదుందనీ మీ నాన్న అనుకుంటున్నాడు. నిన్న నర్సమ్మతో వాదించాడు కూడా.

…పక్కింటావిడతో చదివించాలా? ఆవిడా వరసకి చెల్లెలే. ఈ ఊళ్ళో ఏ ఆడదాన్ని కదిపినా మీ నాన్నకి చెల్లెలే.

…పాస్టరుగారితో ఆ సీరియల్ చదివించమంటావా? నయం!

…నువ్వు అక్కణ్ణించి చూసి చదవడానికి ఇది బటన్ల ఫోను తల్లీ, బొమ్మ రాదు.

…ఆ మిల్లువాణ్ణే చేసుకుందని చెప్పి పంపించెయ్యనా? అదీ ఆలోచించా. పొద్దుట్నుంచీ అదే ఆలోచన. కానీ సేలూ… ఆ మత్తు సూది వేశాక లేస్తాడో లేవడో. వెళ్ళేముందు విన్న కథ కూడా నేను అల్లిందే అయితే…

…సరే. సరే. అననులే.

…నాకెలా ఉందంటే ఏం చెప్పను? అక్షరాలు రానప్పుడు మొహాలు చూసేదాన్ని. పెదవి ఎప్పుడు వణికింది, చూపు ఎప్పుడు దించుకుంది… కథంతా అందులోనే తెలిసిపోయేది. ఇప్పుడు అక్షరాల వెంట పరిగెత్తడమే. చదివి తలెత్తేసరికి ఆ మొహం వెళ్ళిపోయి ఇంకో మొహం ఉంటుంది. చదువొచ్చాక సీరియల్ చూడటం పోయిందే నాకు.

…మీ మామయ్యా? పాపం, ముప్పై ఏళ్ళ కాపురంలో ప్రేమ అన్న మాట ఒక్కసారి అనలేదు. చేప తెచ్చి గుమ్మంలో పడేసి ‘పెద్దది నీకు’ అనేవాడు. అంతే. ఒక్కసారైనా వినుంటే, చదవడానికి ఇంత జంకేదాన్ని కాదేమో…

…ఉండు. ఉండు. మీ నాన్న పిలుస్తున్నాడు. మధ్యలో ఉన్నది తడికేగా, అంతా విన్నట్టున్నాడు. అయ్యో…

…నీతో చెప్పమంటున్నాడు. నాతో కాదు, నీతోనట. ‘సేలూ, మీ అత్తకి చెప్పు. పెండలం నాటేటప్పుడు వయొలిన్లు మోగవు.’

…తెలుసటే! మొదటిరోజే తెలుసట! మరి నిన్న నర్సమ్మ ముందు ఆ వాదన… నా పరువు కోసమా?

…ఏమో, నువ్వే అడుగు.

…ఆగు, ఇంకా అంటున్నాడు. ‘ఇవాళ మాత్రం ఉన్నది ఉన్నట్టు చదవమను. నేను గోడవైపు తిరిగి పడుకుంటా.’

…తిరిగాడే. ఇక్కణ్ణించి కనిపిస్తున్నాడు. చూపు లేని మనిషి, కాలు నొప్పితో మూలుగుతూ, గోడవైపు తిరిగాడు.

…ఆ. సీరియల్ పాట వచ్చేసింది. వెళ్తున్నా. …లేదు, పెట్టెయ్యను. గుమ్మంలో పీట మీద పెడతా, నువ్వూ విను. మధ్యలో మాట్లాడకు మరి.

…

అన్నయ్యా… మొదలైంది.

డాక్టరొచ్చాడు. వానలో తడిసిపోయాడు. మరిసెల్ తలుపు తీసింది. ఊరొదిలి వెళ్ళిపోతున్నానన్నాడు. ‘నువ్వు… నువ్వు లేకుండా…’ …ఉండు, తొందరగా పోతున్నాయి అక్షరాలు… ‘నువ్వు లేకుండా నేను ఉండలేను. తిరిగి రా’… అంటోంది మరిసెల్, అన్నయ్యా. రాసింది రాసినట్టే చదువుతున్నా.