దేశాలూ నేస్తం కడతాయంట

ఆ కొబ్బరికాయా, కొత్త కోకా నా గడపలో పెట్టకు. నీ సేతిలోనే ఉండనీ. కూకో, కూకో... నానేమైనా కొడతానేటి? అనంతగిరి నుంచి ఎండన పడి జీపు తోలుకొచ్చినావు, రాగి అంబలి తాగు. శత్రువుకైనా అంబలి పోత్తాం మేము.

ఏటా సూపు? అవును, శత్రువనే అన్నాను.

మా ముసలాయన మంగ్లు బతికుండగా నువ్వూ ఆయనా నేస్తం కట్టినారు. శంకుదేముడి ముందర ఒకే దొప్పలో జీలుగు కల్లు తాగినారు. ఆనాటి నుంచి నీ పేరు మా ఇంట ఎవురి నోటా రాలేదు. నేస్తాన్ని పేరెట్టి పిలిస్తే నేస్తం తెగిపోద్ది కదా! "నేస్తం వొచ్చినాడు, సాప వెయ్యండి" అనేవోళ్లం. మా కాఫీ, మా మిరియాలు నీకు తప్ప ఇంకో షావుకారికి అమ్మలేదు. మా గడపని సూసే ఊరూరంతా నీకు అమ్మింది.

మా మనవరాలు గాయత్రి విశాఖపట్నంలో డిగ్రీలో సేరింది. అంతర్జాతీయ వ్యవహారాలు. అమ్మో, ఆ మాటకి నా నోరు తిరగడానికే ఎన్నాళ్లు పట్టిందో! నువ్వు నవ్వినావు. "కొండ మీద ఆడగుంటకి దేశాల గొడవెందుకమ్మా" అన్నావు. నీతో పాటు నానూ నవ్వినాను. నేస్తం నవ్వితే నవ్వాలి కదా మరి.

సెలవులకొచ్చి ఆ గుంటే నాకు అచ్చరాలు దిద్దించింది. ముసిలి సేతికి పలక! దాని పుస్తకంలో లోకం పటం సూపించింది. మన కొండెక్కడే అంటే గోరు పెట్టి సూపించింది. ఆ గోటి కింద జిల్లాలకి జిల్లాలే ఉండిపోయినాయి! ఎంత లోకమో బాబూ. దేశాలూ నేస్తం కడతాయంట. ఒప్పందం అంటారంట దాన్ని. మరి ఒకడు మాట తప్పితేనో అని అడిగినాను. "రెండోవాడు కూడా విడిపోవచ్చు నానమ్మా, దానికీ చట్టముంది" అంది. ఓలమ్మ, అనుకున్నాను. అప్పుడు నిన్ను తలుసుకోలేదు సుమా.

మరి దాని ఆఖరి పరీక్ష నాడు నువ్వేటి సేసినావు?

పరీక్షల మధ్యలో సెలవులొస్తే ఇంటికొచ్చింది. అప్పుడే వానలకి బస్సు మా మలుపు దాకా రావడం మానేసింది. గుంట ముందురోజే నడిసి దిగిపోతానంది. నువ్వే ఆపినావు. "నేస్తం మనవరాలు నాకు మనవరాలు కాదేటి? పొద్దున్నే నా జీపులో పరీక్ష కాడ దింపుతాను" అన్నావు. అది గునిసింది. నేస్తం మాట కాదనకూడదే అని నానే కసిరినాను.

ఘాటీ మధ్యలో ఎవడో మిరియాల బస్తాలతో సెయ్యెత్తినాడు. అప్పుడేటన్నావు దానితో?

"బస్తాలు తడిస్తే పాడైపోతాయి. నువ్వు తడిస్తే ఆరతావు. దిగు."

జోరు వానలో దింపేసినావు! పడతా లేస్తా అది పట్నం సేరేసరికి గేటు మూసేసినారు. ఆ పరీక్ష పోయింది, డిగ్రీ ఏడాది ఆగిపోయింది. ఢిల్లీలో పై సదువుకొచ్చిన సీటు ఇంకెవురికో పోయింది.

ఏటి? మరిసిపోయినావా? నాకు అచ్చరాలు మరుపొస్తాయి గానీ మాటలు మరుపురావు.

కొత్త కొర్రలు వండుకునే కొర్రకొత్త పండగనాడు ఊరంతా కూడినప్పుడు నాను లేసి నిలబడినాను. పుట్టి బుద్ధెరిగి ఊరి మధ్యన నోరెత్తినదాన్ని కాదు. నువ్వన్న మాట ఉన్నదున్నట్టు సెప్పినాను, అంతే. బస్తాలు తడిస్తే, అని. ఇంక నీకు గింజ కూడా అమ్మేది లేదని ఆడోళ్లు ముందు లేసినారు.

వొచ్చేటప్పుడు సూసినావా, ఏ కళ్లం మీదైనా ఒక్క కాఫీ గింజుందా? రైతుల సొసైటీ లారీ వొచ్చి పట్టుకుపోయింది. పై ఊరిదీ, కింది ఊరిదీ కూడా. ఆళ్లూ మా సుట్టాలే మరి!

లెగుస్తన్నావేటి? ఉండు, ఇంకా అవ్వలేదు. నేస్తం ఉండగా నీతో తగువాడకూడదని ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నాను. ఇప్పుడు విను.

అప్పలస్వామీ.

ఒరే అప్పలస్వామీ!

అబ్బ... ఎంత తేలిగ్గా వొచ్చేసిందో!

ఆ మొహం అలా పెట్టకు. ఇదంతా గుంట ఎగదోసిందనుకుంటన్నావా? దానికి తెలిస్తే నన్ను కేకలేస్తది. "వదిలెయ్ నానమ్మా, మళ్లీ రాస్తాను. పెద్దాయన, ఏదో తెలీక చేసుంటాడు" అంది ఫోనులో. దాని సదువులో శాంతి పాఠం కూడా ఉందంట. అది సదివింది, అందుకే నిన్ను మన్నించింది. నానింకా గుణింతాల కాడే ఉన్నాను బాబూ, అంత దూరం రాలేదు.

అయినా దానికేటి? తగువు పడ్డానికీ, రాజీ పడ్డానికీ బోలెడు దేశాలున్నాయి. నాకు నువ్వొక్కడివే ఉన్నావు. ఎలా వొదులుకోను?