మర్చిపోయిన సామాను

*ఉదయం. హాస్య పోటీ జరుగుతున్న హాలు బయట వరండా. ప్లాస్టిక్ కుర్చీలో ఒక కోడలు. ఆమె పక్కన అప్పుడే వచ్చి కూర్చున్న అత్తగారు.*

"బస్సులో వచ్చాను. ఇంకెలా వస్తాను, రెక్కలు కట్టుకునా?"

"అది కాదత్తయ్యా. ఇక్కడున్నానని మీకెవరు చెప్పారు?"

"నువ్వే."

"నేనా? ఆదివారం డ్యూటీ పడిందని కదా చెప్పాను!"

"చెప్పావు. చెప్పి, లిప్‌స్టిక్ వేసుకుని బయల్దేరావు. ఎక్స్‌రే తీయించుకునేవాడు విరిగిన కాలు చూసుకుని ఏడుస్తాడు గానీ నీ లిప్‌స్టిక్ చూస్తాడా? ఏదో ఉందనుకుని నీ దిండు కింద వెతికితే కాగితం దొరికింది. హాలు, టైము, అన్నీ రాసున్నాయి. మూడు నిమిషాలు నవ్వించాలట. మూడే?"

"మూడే."

"మంచిదే. అంతకంటే ఎక్కువసేపు నిన్ను భరించడం కష్టం."

"మీరు పధ్నాలుగేళ్ళుగా భరిస్తున్నారుగా."

"నాకంటే అలవాటైపోయింది. గుమ్మం తలకి తగులుతుందని తెలిశాక వంగి నడవమూ? అలాగ."

"మీరింటికెళ్ళండత్తయ్యా. లోపల ఏసీ ఎక్కువ. మీ మోకాళ్ళకి పడదు."

"శాలువా తెచ్చుకున్నాను. ఇదేమిటే, గుండెల మీద అంకె?"

"నా నంబరు. పదిహేడు."

"పదహారెవరు?"

"అదుగో, గోడ వైపు తిరిగి గొణుక్కుంటున్నాయన. మందుల షాపట."

"పాపం, దేవుణ్ణి తల్చుకుంటున్నాడు."

"జోకులు తల్చుకుంటున్నాడు."

"ఆ మొహంతోనా? అప్పిచ్చినవాడు ఎదురొచ్చినట్టున్నాడు. సరే గానీ, నా మీద ఉన్నాయా?"

"ఏవి?"

"జోకులే."

"లేవు."

"ఒక్కటి కూడా?"

"లేవన్నాను కదా."

"అయితే ఇంకేం నవ్వుతారు, నీ మొహం."

"అన్నీ నా మీదే అత్తయ్యా. నా ఉద్యోగం, నా బతుకు, నా ఒళ్ళు."

"నీ ఒళ్ళంటే మరి మూడు నిమిషాల్లో అవుతుందా?"

"అత్తయ్యా!"

"మావాడి మీద ఉన్నాయా?"

"మంచినీళ్ళు తెమ్మంటారా?"

"వాడి మీద ఉన్నాయా అని అడిగాను."

"కొంచెం."

"కొంచెమంటే?"

"కొంచెమంటే కొంచెమే. మీరు ఇక్కడే కూర్చుని టీ తాగుతూ ఉండండి. అయిపోగానే వచ్చేస్తాను."

"నెల్రోజులుగా బాత్‌రూములో ఎవరితోనో మాట్లాడుతున్నావు. నీళ్ళ చప్పుడుకి సగమే వినపడి చచ్చింది. మిగతా సగం వినకుండా పోతానా?"

"వినొద్దత్తయ్యా. బాగుండదు."

"జోకు బాగుండదా, నేను వింటే బాగుండదా?"

"రెండూ."

"పదిహేడు అంటున్నారు. లే."

"అయ్యో. రానని చెప్పేసి వెళ్ళిపోదాం."

"ఇంత దూరం వచ్చాకా? లేవవే. నేను చివరి వరసలో కూర్చుంటాను. నోరు మెదపను."

"ఒట్టు?"

"ఒట్టు."

*హాలు లోపల. వేదిక మీద కోడలు. ఎదురుగా బల్ల వెనక ముగ్గురు న్యాయనిర్ణేతలు. వాళ్ళలో పెద్దాయన చేతి దగ్గర గంట. ఆయన పక్కన కళ్ళజోడు పెట్టుకున్న మేడమ్.*

"పదిహేడు. ఏం చేస్తుంటారమ్మా?"

"ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తానండీ."

"కానివ్వండి. మూడు నిమిషాలవగానే గంట కొడతాను."

"అందరికీ నమస్కారం. నేను... నేను ఎక్స్‌రేలు తీస్తాను."

"అది చెప్పారు."

"అవునండీ. రోజుకి అరవై మందితో ‘ఊపిరి బిగపట్టండి’ అంటాను. అయ్యాక ‘వదలండి’ అంటాను. మూడేళ్ళ కిందట ఒకసారి నాకు నేనే బిగపట్టమని చెప్పుకున్నాను. వదలమని చెప్పేవాళ్ళు లేక, ఇదుగో, ఇలా ఉబ్బిపోయాను."

"రెండున్నర నిమిషాలుంది."

"ఎవరూ నవ్వలేదు. ఫర్వాలేదు. మా ఎక్స్‌రే గదిలో కూడా ఎవరూ నవ్వరు. మీరు కనీసం కట్లు లేకుండా కూర్చున్నారు, అది చాలు నాకు."

"కాగితం చూడకుండా చెప్పండమ్మా."

"సరే మేడమ్. నేను ఈ ఊళ్ళో సగం మంది ఎముకలు చూశాను. వెంట్రుకంత పగులున్నా పట్టేస్తాను. నా పక్కన పడుకున్న మనిషికి అసలు వెన్నెముకే లేదని కనిపెట్టడానికి మాత్రం పదకొండేళ్ళు పట్టింది. అది కూడా నేను కనిపెట్టలేదు. ఆయనే వెళ్ళిపోయి చూపించాడు... థాంక్యూ సార్. మూడో వరసలో సారు ఒక్కరే నవ్వారు. మీ ఆవిడగారు పక్కన లేరు కదా?"

"బాగుంది. కానివ్వండి."

"ఆయన పోయాడని నాకు వెంటనే తెలియలేదండీ. తెల్లారుజామున మెలకువొచ్చింది. గుర్రుమనే చప్పుడు వినపడట్లేదు. హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఫ్రిజ్ బాగుపడిందనుకున్నాను. లేచి చూస్తే ఫ్రిజ్ కూడా లేదు."

"హహ! ఒక నిమిషం ఉంది."

"టీవీ పట్టుకెళ్ళాడు. ఇస్త్రీ పెట్టె పట్టుకెళ్ళాడు. కుక్కరు పట్టుకెళ్ళాడు. నన్ను ఎలాగూ పట్టుకెళ్ళడనుకోండి, ఆ బండికి మోయగల బరువని ఒకటుంటుంది కదా. అయితే కంగారులో రెండు వస్తువులు మర్చిపోయాడు. ఒకటి కుక్కరు మూత. రెండోది వాళ్ళమ్మ. మూడేళ్ళుగా రెండూ నా దగ్గరే ఉన్నాయి. రెండింటికీ విజిలుంది, రెండూ..."

"అబద్ధం! అంతా అబద్ధం!"

"అదుగో. ఒకటి, రెండు. ఇంకొక్క విజిలొస్తే దించేద్దాం."

"ఆగండాగండి. చివరి వరసలో... ఎవరమ్మా మీరు?"

"నేనే ఆ మూతని!"

"అత్తయ్యా, కూర్చోండి!"

"కూర్చుంటాను. ముందు నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"మూడు. చూశారుగా సార్, ఇక ఉడికిపోయినట్టే. నోరు మెదపనని ఒట్టు పెట్టి వచ్చిందండీ ఈవిడ. ఒట్టు పెట్టకుండా వచ్చుంటే ఏమయ్యేదో!"

"ఏది అబద్ధం పెద్దమ్మా?"

"అది... ఇంట్లో చెప్తాలెండి. పదిమందిలో ఎందుకు?"

"ఇంటి సంగతులు పదిమందిలో వినడానికేనమ్మా మేం కూర్చుంది."

"అయితే మీ ఇంటివి చెప్పుకోండి!"

"సార్, గంట కొట్టండి సార్. మీకు దణ్ణం పెడతాను."

"ఎక్కడ కొట్టనమ్మా, నవ్వుతుంటే చెయ్యి ఆడితేగా!"

"నేను కొడుతున్నాను. ఇక చాలు. పదిహేడూ, వినండి. మొదటి నిమిషం మీరు ఎక్స్‌రే తీయించుకుంటున్నట్టు నిలబడ్డారు."

"తెలుసు మేడమ్."

"ఆవిడ అరిచాక కాగితం కింద పడింది. గమనించారా?"

"లేదు మేడమ్."

"ఆ తర్వాతే మీరు కనపడ్డారు. వచ్చే ఆదివారం రెండో రౌండు. కొత్తవి రాసుకురండి. ఆవిణ్ణి కూడా తీసుకురండి."

"ఈసారి అత్తయ్యకి శాలువా కాదు, నోటికి ప్లాస్టరు తెస్తాను మేడమ్."

*హాలు బయట బస్ స్టాపు. బెంచీ మీద అత్తా కోడళ్ళు.*

"గెలిచావుగా. అలా పిండం పెట్టినట్టు కూర్చుంటావేం?"

"గెలవలేదు. రెండో రౌండుకి తీసుకున్నారంతే."

"అదే మరి, గెలవడమంటే. మొదటి రౌండులో పదహారు ఏమయ్యాడు?"

"పోయాడు. అత్తయ్యా, నన్ను తిట్టండి."

"దేనికి?"

"మిమ్మల్ని సామాన్లలో కలిపి చెప్పాను. కుక్కరు మూత పక్కన. మీరు అక్కడే కూర్చుని వింటుంటే కూడా నోరు ఆగలేదు."

"మూత బాగుంది. నాకు నవ్వొచ్చింది."

"వెన్నెముక?"

"అదీ నవ్వొచ్చింది. తర్వాత గుర్తొచ్చింది, అది తయారైంది నా కడుపులోనే కదా అని. అయినా బాగుంది. ఉంచు."

"మరి అబద్ధమని అంతలా అరిచారెందుకు? ఫ్రిజ్ సంగతా? ఫ్రిజ్ ఇంట్లోనే ఉందని, ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నానని నాకూ తెలుసు. అది నవ్వు కోసం అత్తయ్యా. జోకన్నాక ఓ అబద్ధం పడుతుంది."

"ఆ, ఫ్రిజ్జే. ఫ్రిజ్జనుకో."

"అనుకోవడమేంటి? ఫ్రిజ్ అన్నప్పుడు మీరు అరవలేదు. తర్వాత అరిచారు."

"ఆలస్యంగా వినపడింది."

"మీకా? పక్కింట్లో చెంచా కింద పడితే ఏ చెంచానో చెప్తారు మీరు."

"మన బస్సు ఎన్నోది?"

"ఇంకా రాదు. చెప్పండి. టీవీ పట్టుకెళ్ళలేదా?"

"పట్టుకెళ్ళాడు."

"ఇస్త్రీ పెట్టె?"

"అదీ పట్టుకెళ్ళాడు. ఎదవ, వేడి తగ్గకుండానే సంచిలో పెట్టాడు."

"కుక్కరు? మూత మర్చిపోయాడు కదా?"

"మూత వాడు మర్చిపోలేదు. నేనే తీసి బియ్యం డబ్బా వెనక దాచాను."

"మీరా? ఎప్పుడు?"

"వాడు టీవీ కిందకి దించుతున్నప్పుడు."

"అప్పుడు మీరు నిద్రపోతున్నారు కదా! లేచేసరికి ఇల్లు ఖాళీగా ఉందన్నారు నాతో. నిద్రలో ఉండి మూత ఎలా దాచారు?"

"బస్సొచ్చింది. పద."

"అది మనది కాదు. కూర్చోండి."

"నువ్వు ఎక్స్‌రేలు తీయడం మానేసి పోలీసుల్లో చేరవే."

"మెలకువగా ఉన్నారా?"

"ఉన్నాను."

"చూస్తూ ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. తిట్టాను, ఏడ్చాను, గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. పక్కకి జరిపి మరీ ఇస్త్రీ పెట్టె తీసుకున్నాడు."

"మూడేళ్ళండీ! మూడేళ్ళలో ఒక్కసారన్నా చెప్పాలనిపించలేదా?"

"చెప్పుకునేంత గొప్ప సంగతా? ఆ రోజు నువ్వు వచ్చి, చెప్పులైనా విప్పకుండా గోడకి ఆనుకుని కూలబడ్డావు. అప్పుడు చెప్పనా, ఆపబోయాను, నా మాట చెల్లలేదని? నిద్రపోయానంటే సరిపోయింది. తర్వాత ఎప్పుడు చెబుదామన్నా, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావని..."

"అంటాను. అనను. నాకేం తెలియట్లేదు. అసలు మీకో సంగతి చెప్పనా? నేనెంత ఘటికురాలినో. మా ఎక్స్‌రే గదిలో అందరితో ఏమని చెప్పుకుంటానో తెలుసా? కొడుకు వదిలేసిన అత్తని నేను సాకుతున్నానని. నర్సులు నన్ను దేవతంటారు. నేను తల వంచుకుని, ‘ఎంతమాట, నా ధర్మం’ అంటాను. అద్దంలో నాకు నేనే దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది."

"అనుకోనీలే. పోయేదేముంది?"

"అలా జాలి చూపించి చూపించి, చివరికి జోకు రాశాను. కన్నతల్లిని మర్చిపోయి పోయాడని."

"అదే."

"ఏది అదే?"

"అదే అబద్ధం. నేను అరిచింది అక్కడే."

"ఎక్కడ?"

"వాడు నన్ను మర్చిపోలేదే పిచ్చిదానా. అన్నిటికంటే ముందు నా పెట్టే సర్దాడు. చెయ్యి పట్టుకుని దించి, బండిలో ముందు సీట్లో కూర్చోబెట్టాడు కూడా. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు తీయడానికి ఒక్క మనిషన్నా ఉండాలి కదా అని, నేనే దిగి పైకొచ్చేశాను."