మొసలి మింగిన తుపాకికి ఇన్సూరెన్స్

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియల మందుల కంపెనీ గేటు ఎదురుంగనే ముత్యమ్మ చాయ్ డబ్బా. ఆమె మొగుడు చిన్నరాములు. ఆయనకు రెండే ఆస్తులు, ఒకటి నాయిన ఇడిచిపోయిన సింగిల్ బారల్ తుపాకి, రెండోది నోరు. తుపాకికి సంగారెడ్డి కలెక్టరాఫీసుల లైసెన్సు ఉన్నది. నోటికి ఎవ్వలు లైసెన్సు ఇయ్యలే, ఆయన అడగనూ లేదు.

ఆయన నాయిన ఆ తుపాకితోని జొన్నచేన్ల అడవిపందుల్ని ఎల్లగొట్టేది. చేన్లు ఫ్యాక్టరీల కింద పోయినయ్, పందులు గూడ యాడికో పోయినయ్. తుపాకి అటుక మీద, చిన్నరాములు డబ్బా ముంగట బల్ల మీద, ఇద్దరికీ పనిలేదు. గిట్లున్నప్పుడు తొంభై ఆరో సంవత్సరంల, ఎదురు కంపెనీల గన్‌మన్ నౌకరి పడ్డది. సొంత తుపాకి ఉన్నోడే కావాలె. గని పక్క కంపెనీ గన్‌మన్ ఒకడు బస్సుల తుపాకి మర్సిపోయి దిగిండట, గప్పటిసంది వీళ్ళు ఒక షరతు వెట్టిన్రు. తుపాకికి ఇన్సూరెన్స్ ఉండాలె, దొంగలెత్కపోయినా, యాడన్న పడిపోయినా. ఇయ్యాల సాయంత్రం ఐదింటి లోపట కాగితం చూపియ్యాలె. లేకుంటే కొల్లూరు ఊరాయన ఒకడు తుపాకి తుడుసుకొని తయారుగున్నడు.

ఇన్సూరెన్స్ రాసేటందుకు గ్రేస్ టీచరమ్మ వచ్చింది. బడిల పాఠాలు చెప్తది, బడి ఇడిచినంక ఏజెంటు పని చేస్తది. ఫారం నింపితే ఇన్సూరెన్స్ అయినట్టు ఇప్పటికిప్పుడే కవర్ నోటు చేతుల వెడ్తనన్నది.

పొద్దుగాలనే ముత్యమ్మ మొగనికి సద్ది కట్టిచ్చినట్టు చెప్పింది. "ఆమె ఏదడిగినా లేదు అను. గంతే. ఒక్క ముక్క."

"అంత చిన్న ముక్క నా నోట్ల నిలుస్తదానే?" అన్నడు ఆయన.

గ్రేస్ బల్ల మీద ఫారం పరిచి పెన్ను తీసింది. ఆటో నర్సింహ, బాయిలర్ కాడ పనిజేసే లింగం చాయ్ గ్లాసులు పట్టుకొని జరిగి కూసున్నరు.

"ఈ తుపాకి ఎన్నడన్న దొంగతనం అయిందా అన్నా?"

"ఒక్కసారి పోయింది టీచరమ్మా. చిన్నదే. సదాశివపేట అంగడిల ఒకడు భుజం మీదికెళ్ళి గుంజుకున్నడు. పట్టుకొని రెండు సరిసి తెచ్చుకున్న."

ముత్యమ్మ చేతుల చాయ్ జాలి ఆగింది. గ్రేస్ తల ఎత్తకుంట రాసుకున్నది. ఆ పెన్ను కదులుతుంటే చూసి చిన్నరాములుకు పానం లేసొచ్చింది. ఇన్నేండ్ల సంది ఆయన మాటలు ఇన్నోళ్ళున్నరు గని రాసుకున్నోళ్ళు ఎవ్వలు లేరు.

"ఒకడంటే ఉత్తగ ఒకడు కాదు. వాని ఎనక నలుగురు, ఆ నలుగురి ఎనక లారీ. లారీల ఎంతమందో ఎర్కేనా? నలభై. తుపాకి అండ్ల ఏసుకొని బొంబాయి రోడ్డు పట్టిన్రు. నేను ఎనకంగ ఉరికిన."

"లారీ ఎనకన్నా?" అన్నడు నర్సింహ.

"చెప్పులిప్పి చేతుల పట్టుకున్న, అరుగుతయ్ గద. ఉరికి ఉరికి జహీరాబాద్ దాటినంక మర్రి చూస్తే లారీ లేదు. ఏందని చూస్తే నేనే ముంగటికొచ్చిన. ఇగ ఏంజేస్త, హోటల్ల కూసొని రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్న, జెరసేపు పన్న, గప్పుడొచ్చింది లారీ. నన్ను చూసి నలభై మంది నలభై దిక్కుల ఉరికిన్రు."

"పోగొట్టుకున్నదేమన్న ఉన్నదా?" గ్రేస్ అడిగింది.

ముత్యమ్మ గంటె తీసి గిన్నె మీద టకటక కొట్టింది. చిన్నరాములు ఇన్నడు, "లేదు" అని నోరు తెరిసిండు గూడ. గని లోపటికెళ్ళి ఇంకోటి దాన్ని నూకేసుకుంట వచ్చింది.

"లేదు అనొచ్చు గని, మంజీర సంగతి దాస్తే పాపం తగుల్తది. నీళ్ళు తాగుదామని వంగిన, తుపాకి జారింది. మొసలి గుటుక్కున మింగింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆ మొసలికి తెల్లారంగ తేన్పు వస్తది. తేన్పు వచ్చిందంటే కడుపుల తుపాకి పేలుతది. సరిగ్గ ఆరు గంటలకు. ఇండస్ట్రియల్ ఏరియ మొత్తం ఆ సప్పుడుకే షిఫ్టు ఎక్కేది, మూడు నెల్లు సైరన్లు బందువెట్టిన్రు."

"సింగిల్ బారల్‌కు ఒక్కటే తూటా గద," అన్నడు లింగం.

"తూటాల పెట్టె గూడ మింగె. నింపుకునుడు నేనే గట్టు మీదికెళ్ళి చెప్పి నేర్పిన. తెలివైన మొసలి, నీ లెక్క కాదు. ఆఖరికి నోట్ల చెయ్యి వెట్టి గుంజితే తుపాకి వచ్చింది, ఎనకంగ ఒక సైకిలు, పంచాయతి మైకు. మైకు ఇంక మోగుతనే ఉండె."

రిపేరు సంగతి గ్రేస్ అడగకముందే చెప్పిండు. మిలిటరీ ట్యాంకులు చేసే ఫ్యాక్టరోళ్ళు వచ్చి బతిమాలి తుపాకిని ట్యాంకుకు బిగిచ్చిన్రట. పేలిస్తే గుండు ముంగటికి, ట్యాంకు ఎనుకకు శంకర్‌పల్లి దాక పోయిందట. ఇంకోటి పేలిస్తే ట్యాంకు సముద్రంల పడ్తదని దండం వెట్టి వాపసిచ్చిన్రట.

నర్సింహ కడుపు పట్టుకొని నవ్వుతున్నడు. ముత్యమ్మకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. కోతలు కొయ్యనియ్, అది ఆయన నైజం, నవ్వుకొని ఊకునేది. గని ఇయ్యాల ఒక్క పూట, పొయ్యి కాడ ఆమె కండ్లు పోతున్నయని చూసన్నా, నోరు కట్టుకోరాదా? నాలుగున్నర అయితున్నది.

గ్రేస్ ఫారం చేతుల పట్టుకున్నది. "రాసింది చదువుత, ఇనుండ్రి. దొంగతనం ఒకటి, దొంగలు నలభై మంది. పోగొట్టుకున్నది ఒకటి, మూడు నెల్లు మొసలి కడుపుల. రిపేరు, ట్యాంకు మీదికెళ్ళి ఇప్పినంక. సరిగ్గున్నదా? ఈడ సంతకం వెట్టుండ్రి."

చిన్నరాములు ఖుషీగ పెన్ను అందుకున్నడు.

"ఒక్క మాట అన్నా. ఇయన్ని నిజమైతే ఇసొంటి తుపాకికి ఏ కంపెనీ ఇన్సూరెన్స్ ఇయ్యది. అబద్ధమైతే, రేపు నిజంగ పోయిన్నాడు ఒక్క పైస రాదు. ఏదో ఒకటి మీరే చెప్పుండ్రి."

చిన్నరాములు ఫారం దిక్కు చూసిండు, గేటు దిక్కు చూసిండు, ముత్యమ్మ దిక్కు చూసి తల దించుకున్నడు.

"కొట్టెయ్ టీచరమ్మా."

"ఏది?"

"ట్యాంకు."

గ్రేస్ గీత గీసింది. "మొసలి?"

"మొసలి గూడ."

"దొంగలు?"

"నలభై మందిల ఒక్కన్ని ఉంచరాదా? మొదలు చెప్పినోన్ని?"

"ఒక్కడున్నా దొంగతనమే అన్నా."

"అయితే వాన్ని గూడ పంపియ్," అన్నడు, సుట్టాన్ని సాగదోలినట్టు.

"ఆఖరిది. చివరిసారి ఎప్పుడు పేల్చిన్రు?"

ముత్యమ్మనే చెప్పింది. "మా మామ పోయినంక అది పేలలే. దీపావళికి పోరలు లక్ష్మీబాంబులు కాలిస్తే ఈయన లోపటికొచ్చి దుప్పటి కప్పుకుంటడు."

నర్సింహ బల్ల మీదికెళ్ళి కిందవడ్డంత పనైంది. గ్రేస్ నవ్వలే. కొత్త ఫారం తీసి అన్నిటికి లేదు అని రాసింది, సంతకం తీసుకొని కవర్ నోటు చింపి ముత్యమ్మ చేతుల వెట్టింది. "మంచిదే అక్కా. గేటు కాడ తుపాకి కనవడాలె, ఇనవడొద్దు. ఇంత సాఫ్ ఫారం నేను ఇంతవరకు రాయలే."

ఆ మాట ఇనంగనే చిన్నరాములు నడుము సక్కగైంది. "మరేమనుకున్నరు? జిల్లాల ఇట్లాంటి మచ్చలేని తుపాకి ఇంకోటి ఉంటే చూపియుండ్రి. దీన్ని చూసిపోదామని మొన్న ఢిల్లీకెళ్ళి..."

గ్రేస్ సంచిల వెట్టిన పెన్ను మళ్ళ తీసి మూత ఇప్పింది. "ఇది గూడ రాయమంటరా అన్నా?"

ఆయన నోరు మూసుకొని, ముత్యమ్మ అప్పుడే పోసిన చాయ్ గ్లాసు అందుకున్నడు. పెండ్లయి పద్నాలుగేండ్లల ఆయన చాయ్ వేడిగున్నప్పుడు తాగుడు ముత్యమ్మ చూసుడు అదే మొదలు.