దీవికి లైను లేదు

శుక్రవారం మధ్యాహ్నం, జుమ్మా నమాజు అయ్యాక. సముద్రం అడుగున వచ్చే ఇంటర్నెట్ కేబుళ్ళు ఒడ్డుకు చేరే సౌదీలోని యాన్బు స్టేషన్లో టెక్నీషియన్ మస్తాన్ వలీ. అతని గదికి కడప నుంచి అల్లుడు నౌమాన్ ఫోన్ చేశాడు. నౌమాన్ భార్య అనమ్ మస్తాన్ వలీ కూతురు, మాల్దీవుల్లో మాలేలో టీచరు.

"అదే చెప్తాండా గదా నాయనా. మాలేకు పోయే కేబులు తెగింది. నెట్టు రాదు, వాట్సాప్ రాదు."

"ఎప్పుడొస్తాది మామా?"

"ఓడ రావల్ల. అడుగునుంచి తీగను పైకి లాగల్ల, అతకల్ల, మళ్ళా కిందికి దించల్ల. రోడ్డు మింద గుంత పూడ్చినట్ల కాదు."

"పోయిన వారం గూడా ఇదే మాట చెప్తిరి."

"పోయిన వారం గూడా తెగే ఉండె."

"మీరు ఆ పనిలోనే ఉండారు. మీ మాట నమ్మకుంటే ఇంగెవురి మాట నమ్మేది? కానీ మామా, మా అంగడి పక్కనాయన కొడుకు ఆ మాలేలోనే హోటల్లో చేస్తాండాడు. పొద్దున ఫోటో పెట్టినాడు. ఇంత చేపను పట్టుకోని నవ్వుతాండాడు."

"దొరల హోటళ్ళకు శాటిలైటు ఉంటాది. అనమ్ ఉండేది టీచర్ల క్వార్టర్సులో."

"మామూలు ఫోను గూడా కలవదే?"

"అదీ ఆ తీగలోనే పోతాది."

"మీ పెద్దోళ్ళను గట్టిగా అడగరాదూ?"

"అడిగితే సముద్రం వింటాదా?"

"నా బాధ మీకు అర్థం కావడంల్యా. కండిషన్ పెట్టి పంపిస్తి నేను. రాత్రయితే వీడియో పెట్టల్ల. గది నాలుగు పక్కలా చూపించల్ల, బీరువా తెరిచి చూపించల్ల, ఫోను తలకాడ నిలబెట్టి పడుకోవల్ల. ఆడికి పోయినప్పట్నుంచి ఒక్క రాత్రి తప్పల్యా. ఇప్పుడెట్ల?"

"నిద్రలో గూడానా?"

"నిద్రలో గూడా. ఆడమనిషి, పరాయి దేశం. ప్రేమ ఉండబట్టే గదా మామా ఇంత తాపత్రయం?"

"ఊఁ."

"ఊఁ అంటే ఏంది మామా?"

"ఏంల్యా. స్టేషన్లో మాలే లైనుకు పచ్చలైటు వెలుగుతాంటే నాకు కడుపు నిండినట్ల ఉండేది. నా బిడ్డ ఆ చివర ఉంది, దాని మాటలు ఇందులోంచే పోతాండాయి అనుకుంటి. ఇందులోంచి పోయింది ఇదా..."

"ఏమంటాండారు?"

"అలిసిపోయినా అంటాండా. చెప్పు."

"నిన్న వాళ్ళ స్కూలుకు ఫోన్ కొట్టినా."

"ఊఁ."

"కలిసింది మామా."

"కలిసిందా."

"హెడ్మిస్ట్రెస్ ఎత్తింది, సురయ్యా అంట. అనమ్ సెలవు పెట్టిందంట. యాడికి పోయిందో చెప్పనంటాంది. తీగ తెగింటే స్కూలుకెట్ల కలిసె?"

"స్కూలుది సర్కారు లైను. అది వేరే."

"ఎన్ని లైన్లు మామా ఆ దీవికి!"

"దీవి గదా నాయనా. చుట్టూ నీళ్ళే. నానా తంటాలు పడల్ల."

"నా కాడ ఆటలొద్దు. యాడికి పోయింది? నీకు తెలుసు."

"మీరు పోయి నువ్వొచ్చె. కానీలే. నాకెట్ల తెలుస్తాది?"

"సోమవారానికి టికెట్టు తీసినా. మాలే పోతా, ఇంటింటికీ వెతుకుతా. జుట్టు పట్టుకోని..."

"పట్టుకోని?"

"ఇంటికి తెచ్చుకుంటా. నా పెండ్లాం, నా ఇష్టం."

"పోయిన రంజానుకు జుట్టు పట్టుకుంటే ఆస్పత్రిలో కుట్లు పడె."

"జారి పడింది. పెద్దమనుషుల ముందర నువ్వే ఒప్పుకుంటివి గదా? సెలవుకొచ్చినప్పుడు రెండుసార్లు నువ్వే ఆటోలో తెచ్చి మా వాకిట్లో దింపితివి. రెండోసారి అది కడ్డీ పట్టుకోని దిగనంటే, వేళ్ళు ఒక్కొక్కటే నువ్వే ఇడిపిస్తివి. ఎంత పరువుగల మనిషి మా మామ అని ఊరంతా చెప్పుకుంటి. ఇప్పుడేమొచ్చె నీకు?"

"ఏమీ రాల్యా. ముసలోన్నయినా."

"వీడియో పెట్టు."

"ఎందుకు?"

"నీ మొగం చూడల్ల. నీ గది చూడల్ల. నాలుగు పక్కలా తిప్పు."

"నేను నీ పెండ్లాన్ని కాదు నాయనా."

"దాచేది ఏమీ లేకుంటే భయమెందుకు? పెట్టు అంటాండా!"

"అరవద్దు. ఫోన్లోంచి బయటికి వినపడతాంది."

"వినపడితే? ఎవురుండారు ఆడ?"

"పక్క గదిలో ఓబులయ్య. షిఫ్టు చేసొచ్చి పండుకున్నాడు."

"ఓబులయ్య నిద్ర నాకెందుకు! ఒక్క మాట చెప్పు. నీ కూతుర్ని నాకు పంపిస్తావా, పంపించవా?"

"ఆ లైను ఇంగ రాదు నౌమాన్."

"అంటే? ఎన్నాళ్ళు?"

"నేను బతికున్నన్నాళ్ళు."

"నువ్వు తండ్రివేనా? కూతురి కాపురం కూల్చే తండ్రి ఉంటాడా యాడైనా?"

"కూలిందాంట్లోకే రెండుసార్లు తోస్తి గదా. విడాకుల కాగితాలు ఖాజీ కాడికి వస్తాయి. సంతకం పెట్టు."

"మామా! నేను ఊరుకునే మనిషిని కాదు! మామా... హలో... హలో!"



"పెట్టేసినా అనమ్. ఇంగ చెవుల మింద నుంచి చేతులు తీయి తల్లీ."