గడి బయట

ఆసుపత్రిలో ఎక్స్‌రే గది. తెర ముందు కుర్చీలో కుర్రడాక్టరు. వెనక నిలబడ్డవాడు, ముప్ఫై ఏళ్ళుగా అక్కడ ఎక్స్‌రేలు తీస్తున్న టెక్నీషియన్.

"చూశానయ్యా! ఏమీ లేదన్నానా? మళ్ళీ అదే పెట్టావేంటి?"

"ఇంకొక్కసారి చూడండి డాక్టరుగారూ."

"నీకు చెవుడా, లేక నాకు గుడ్డితనమా? ఇదిగో, పసుపు గడి. కంప్యూటర్ గీసింది. లోపల మచ్చ. ఎప్పుడో తగ్గిపోయిన జబ్బు తాలూకు మచ్చ. అయిపోయింది. తరవాతది పెట్టు."

"గడి బయట చూశారా?"

"బయట ఏముంటుంది? అనుమానం ఉన్నచోట గీస్తుంది, లేనిచోట గీయదు. అందుకేగా దాన్ని కొన్నది?"

"అది రాకముందు మీరు నాలుగు మూలలూ చూసేవారు. మీ తల తెర ముందు ఎలా తిరిగేదో వెనకనుంచి చూసేవాణ్ణి. ఇప్పుడు గడి వెలగ్గానే తిన్నగా దానిమీద వాలుతున్నారు. అక్కణ్ణుంచి కదలరు."

"ఓహో! ఫోటోలు తీయడం అయిపోయి నా కళ్ళకి కాపలా కాస్తున్నావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది. 'ఊపిరి బిగబట్టు, వదులు' అనడానికి నీకు జీతం. చదవడానికి నాకు. ఎవరి పని వాళ్ళు... ఏంటి? ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి."

"మరి తలుపు వైపు ఎందుకు చూశావు?"

"నేను చూశాను. మీరెందుకు తిరిగి చూశారు?"

"నువ్వు చూశావు గనక!"

"అంతేనండి. నాలాంటివాడు ఊరికే చూస్తేనే మీ మెడ తిరిగింది. వెలిగే గడి పిలిస్తే కళ్ళు ఆగుతాయా?"

"బజార్లో ఆకాశంకేసి వేలు చూపించి జనాన్ని పోగేసే వేషాలు నా దగ్గర వెయ్యకు. పదేళ్ళు చదివి వచ్చాను నేనిక్కడికి. నువ్వో? బటన్ నొక్కడం నేర్చుకుని వచ్చావు."

"మూడు బటన్లండి. మూడోది నొక్కితే గడి పోతుంది. నొక్కనా?"

"నొక్కు. నొక్కి, చూసి, సిగ్గుపడి, ఇంకెప్పుడూ నాకు సలహాలివ్వకు. ఊఁ, పోయింది. ఏముంది? గుండె బాగుంది. కింద బాగుంది. ఎడమవైపు... బాగుంది. పైన..."

"పైన?"

"ఉండు."

"ఉన్నానండి."

"మాట్లాడకు. కొంచెం పెద్దది చెయ్యి. అక్కడ కాదు, అక్కడ కాదయ్యా, కాలర్ బోన్ చాటున. ఇంకా. ఇంకా... ఇది ఎముక నీడ కాదు."

"కాదండి."

"గడ్డ. బఠాణీ గింజంత ఉంది. నువ్వు ముందే చూశావా? చూసి కూడా ఇంతసేపు నాతో పరాచికాలా? బుద్ధుందా నీకు? ఎవరిదిది? ఫోన్ చేసి పిలిపించు. ఇవాళే. ఇంత చిన్నగా ఉన్నప్పుడు దొరికితే కోసి తీసెయ్యొచ్చు. మనిషికి ఏ ఢోకా ఉండదు."

"తేదీ చూడండి."

"తేదీదేముంది, ముందు..."

"పై మూల. మొదట్నుంచీ అక్కడే ఉంది."

"ఇది... ఇది పోయినేడాదిది."

"కింద రిపోర్టులో సంతకం?"

"నాది. 'ఏమీ లేదు' అని... నాదే."

"ఈ గడి గీసే కొత్త మిషన్ వచ్చిన వారంలోనే తీసింది. అప్పుడూ గడి ఆ మచ్చ చుట్టూనే వెలిగింది."

"ఎవరిది?"

"మా చెల్లెలిదండి. ఒకటే దగ్గు అంటే నేనే తీసుకొచ్చాను. నేనే నిలబెట్టి తీశాను."

"మీ చెల్లెలా? మరి మీరు... మీరూ చూడలేదా అప్పుడు?"

"లేదు. ఇందాక మిమ్మల్ని అన్నానే, నేనూ గడే చూశాను. మొన్న కొత్తది తీసి, దాని పక్కన పాతది పెట్టుకుంటే కనిపించింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం! తగలెయ్యనా?"

"నాకు ముందే చెప్పొచ్చు కదా మీరు. నేరుగా చెప్పొచ్చు కదా."

"చెబితే వినేవారా?"

"వినేవాణ్ణి కాదు."

"అందుకే మీ కళ్ళతో మిమ్మల్నే చూడమన్నాను."

"ఇప్పుడావిడ ఎక్కడున్నారు? ఇప్పుడు ఎంత ఉంది అది?"

"బఠాణీ గింజంత లేదండి. పై అంతస్తులో పడుకుని ఉంది. పెద్ద డాక్టర్లు ముగ్గురు చెప్పారు, వైద్యం మొదలుపెట్టాలని. నేనూ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒప్పుకోవడం లేదు, సూది గుచ్చనివ్వడం లేదు."

"ఎందుకు?"

"'వాళ్ళెవరి మాటా నేను నమ్మను అన్నయ్యా. పోయినేడాది ఏమీ లేదని చెప్పారే, ఆ మంచి డాక్టరుగార్ని తీసుకురా, ఆయన ఒక్కసారి చూస్తే చాలు' అంటోంది."