రక్తం లేని హత్యలు

అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళోని ఒక ఇంటి వంటగదిలో, తల్లి పప్పు తాలింపు సగంలో ఆపేసి, ఐదో నెల కడుపుతో ఉన్న కూతురి చేతిలోని పుస్తకం లాక్కుంది.

“మళ్ళీ హత్యల పుస్తకమేనా? కడుపులో బిడ్డ వింటుందే! మొన్నవన్నీ తీసుకెళ్ళి లైబ్రరీ రిటర్న్ డబ్బాలో పడేసి వచ్చినా నీకు బుద్ధి రాలేదు.”

“ఇందులో రక్తం ఉండదమ్మా. టీ తాగుతూ ఒకాయన పోతాడు, అంతే. ఎవరు చంపారో కేకులు చేసే ఆవిడ కనిపెడుతుంది.”

“టీ తాగి పోయినా చావు చావే. బైబిల్లో కీర్తనలు చదువుకోమంటే వినవు. రేపు బిడ్డకేమన్నా అయితే?”

“అయిపోయిందమ్మా.”

“ఏంటే అయిపోయింది?”

“సోమవారం స్కాన్‌లో హార్ట్‌బీట్ లేదు. రేపు అడ్మిట్ అవ్వాలి. నీకెలా చెప్పాలో తెలీక, మీ అల్లుణ్ణి కూడా చెప్పొద్దన్నాను.”

రోజుకు పది కీడులు శంకించే ఆ తల్లి, అందులో ఒకటి నిజమై ఎదుట నిలబడితే ఏం చేయాలో ఎన్నడూ ఆలోచించలేదు.

“ఎందుకైందట?”

“కారణం తెలీదట. ఎవరి తప్పూ కాదట. ఈ పుస్తకాల్లో అయితే చివరికి ఎవరో ఒకరు దొరుకుతారమ్మా. అందుకే చదువుతున్నా.”

“అయితే నేనే అనుకోవే. ఆదివారం చర్చిలో నువ్వు వద్దంటున్నా నిన్ను గంటసేపు మోకాళ్ళ మీద ఉంచాను కదా. నామీద వేసెయ్.”

“ఊరుకోమ్మా.”

“వేసెయ్ తల్లీ. ఆ మాట నేను పడతా.”