పొర మందమా, పలుచనా

సింగానల్లూరులో ఒక స్కాన్ గది. బల్ల మీద మూడో నెల గర్భిణి ఆనంది, పక్కన అత్త వెంకటమ్మాళ్, తెర ముందు డాక్టర్ కృత్తిక.

“ఊపిరి బిగబట్టొద్దు ఆనందీ.”

“బిగబట్టలేదు డాక్టర్.”

“బిగబట్టినావు. కడుపు రాయి మాదిరుండాది.”

“దానికి భయం డాక్టరమ్మా. పొల్లాచ్చిలో బస్సెక్కినప్పటి నుంచి దేవుళ్ళకు మొక్కుతానే ఉండాది.”

“అత్తా, ఊరికే ఉండండి. డాక్టర్, కనిపించిందా?”

“ఇద్దరి గుండెలూ కొట్టుకుంటుండాయి. ఇదిగో—”

“అది కాదు. బిడ్డలకు రక్తమిచ్చే మావి. ఒకటా, రెండా?”

“చూస్తుండాను. పోయిన స్కాన్‌లో ఏం చెప్పినారు?”

“రెండు సంచులు, ఇద్దరు బిడ్డలు అన్నారు. అంతా బాగుందన్నారు. మొదటి కడుపప్పుడూ అట్టనే అన్నారు.”

“మొదటిసారి ఏమైంది?”

“ఇప్పుడెందుకమ్మా అదంతా—”

“చెప్పనీండి అత్తా. అప్పుడూ ఇద్దరే డాక్టర్. ఒకే మావి పంచుకున్నారంట. ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు పోయిందంట. ఐదో నెలలోగానీ ఎవరూ చూడలేదు. అప్పటికి... అప్పటికి ఇద్దరూ...”

“చాలు కన్నూ, నా తల్లీ. ఏడవొద్దు.”

“నేనేం ఏడవలేదు.”

“ఆనందీ, ఇట్ట చూడు. ఇద్దరి నడుమ పొర కనిపిస్తుండాదా? ఒకే మావి అయితే ఆ పొర నూలు పోగు మాదిరి పలుచగా వచ్చి మావిని తాకుతుంది. ఇక్కడ చూడు, తాకే చోట మందంగా, ముక్కోణం మాదిరుండాది.”

“అట్టంటే?”

“మావులు రెండు. ఎవరిది వాళ్ళకే.”

“మురుగా! విన్నావా కన్నూ? ఎవరిది వాళ్ళకేనంట!”

“నిజమా డాక్టర్? ఇంకోసారి చెప్పండి.”

“నిజమేనమ్మా. రెండు—”

“ఏం డాక్టరమ్మా, ఆపేసినారు?”

“ఒక్క నిమిషం. ఆనందీ, కొంచెం ఎడం పక్కకు తిరుగు.”

“ఎందుకు? గుండె ఆగిపోయిందా?”

“లేదు, లేదు. బాగా కొట్టుకుంటుండాది.”

“మరెందుకు మళ్ళీ మళ్ళీ అక్కడే చూస్తుండారు?”

“ఇంకొంచెం తిరుగు. ఆఁ, చాలు. అమ్మా, మీరు ఆమె చెయ్యి పట్టుకోండి.”

“నా చెయ్యి ఎందుకు పట్టుకోవాల? ఏముందో చెప్పండి డాక్టర్. దాచొద్దు.”

“మావులు రెండే ఆనందీ. అందులో మార్పు లేదు. కానీ ఈ కుడి సంచిలో ఇంకో పొర ఉండాది. చాలా పలుచన. అందుకే ఇంతవరకూ ఎవరికీ కనిపించలేదు. దాని అవతల ఇంకో గుండె కొట్టుకుంటుండాది.”

“కడవుళే, దేవుడా! ముగ్గురా?”

“ఉండండి అత్తా! డాక్టర్... ఈ కుడిపక్క ఇద్దరికీ మావి ఒకటేనా?”